పట్టుచీరకు అంటని లిప్‌స్టిక్, ఒక ఎర్రకారం దోసె

చీరల షాపులో పనిచేసే ఆడపిల్ల లిప్‌స్టిక్‌లో చూసుకోవాల్సింది ఒక్కటే. బట్టకు అంటుతుందా, అంటదా? రంగు, వాసన, డబ్బా అందం అన్నీ దాని తర్వాతే. మూడేళ్లుగా నేను వాడుతున్న 199 రూపాయల లిక్విడ్ మ్యాట్ లిప్‌స్టిక్ గురించి రాయడానికి కూర్చున్నది ఈ ఒక్క విషయం కోసమే. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో దొరికే ఇట్లాంటి రకాలు ఇంకో మూడు నాలుగు వాడి చూశాను, గుణం అన్నింటిదీ ఇంచుమించు ఒకటే.

నేను కడప వైవీ స్ట్రీట్‌లో ఒక చీరల షాపులో సేల్స్‌లో ఉన్నాను. మా దగ్గర చీర పరిచి చూపిస్తే సరిపోదు, ఒంటి మీద వేసి చూపించాలి. మీరూ ఎప్పుడో ఒకసారి చూసే ఉంటారు. కుచ్చిళ్లు పోసేటప్పుడు రెండు చేతులూ పనిలో ఉంటాయి కాబట్టి పైఅంచును గడ్డం కింద నొక్కిపట్టుకుంటాం. ఆ సమయంలో పెదవికీ జరీ అంచుకూ మధ్య వేలెడు దూరం కూడా ఉండదు. పెళ్లిళ్ల కాలంలో రోజుకు ముప్పై, నలభై చీరలు ఇట్లా మా గడ్డం కింద నుంచి పోతాయి. అట్లని లిప్‌స్టిక్ లేకుండా వస్తే ఒప్పుకోరు. "మొహం కళగా ఉండాల పాపా" అంటారు మా ఓనరు సారు. ఆ కళకు అయ్యే ఖర్చు మాత్రం మా జీతంలోంచే.

మొదట్లో 120 రూపాయల మామూలు స్టిక్ వాడేదాన్ని. అందులో ఉండేది ముఖ్యంగా మైనం, ఆముదం, రంగు. మెత్తగా, హాయిగా ఉంటుంది, కానీ ఎప్పటికీ ఆరదు. ప్రతి చీరకు ముందు కర్చీఫ్‌తో పెదవులు తుడుచుకోవడం, గిరాకీ వెళ్లాక మళ్లీ పూసుకోవడం. సాయంత్రానికి కర్చీఫ్ చూస్తే ముక్కులోంచి రక్తం కారిందేమో అన్నట్టుండేది. నెలన్నరకు ఒక స్టిక్ అయిపోయేది.

ఈ లిక్విడ్ లిప్‌స్టిక్‌ను నాకు చూపించింది మా వీధి చివర ఫ్యాన్సీ స్టోర్ అక్క. ముంజేతి మీద ఒక గీత గీసి, "రెండు నిమిషాలు ఆగు" అని వేరే వాళ్లకు గాజులు చూపించడానికి పోయింది. తిరిగొచ్చి, తను కట్టుకున్న తెల్ల నూలు చీర కొంగునే తీసి ఆ గీత మీద గట్టిగా రుద్దింది. కొంగు తెల్లగానే ఉంది. ఆరోజు నాకు కలిగిన సంతోషం ఏ కొత్త చీరకూ కలగలేదు. అక్కడే కొన్నాను. ఇంటికొచ్చి దిండు గలీబు మీద, అమ్మ తెల్ల రవిక మీద, చివరికి పాలగ్లాసు అంచు మీద కూడా ముద్దుపెట్టి చూసుకున్నాను. ఎక్కడా మచ్చ లేదు.

అప్పటి నుంచి పొద్దున తొమ్మిదిన్నరకు ఒక్కసారి పూసుకుంటే రాత్రి షట్టరు దించేదాకా మళ్లీ ముట్టుకునేదాన్ని కాదు. మేలో బయట 40 డిగ్రీలు దాటిన ఎండలో నడిచొచ్చినా, పైపెదవి మీద చెమట పూసినా కదల్లేదు. 4 మిల్లీలీటర్ల ట్యూబు నాకు నాలుగు నెలలు వచ్చేది. నెలకు ఇరవై ఆరు పనిరోజులు లెక్కేసుకుంటే రోజుకు రెండు రూపాయలు కూడా పడదు. మా షాపు ముందు టీ పది రూపాయలు. ఈ లెక్క చెప్పే మా షాపులో ఐదుగురి చేత కొనిపించాను. "ఏం చేసినా పోదు, కళ్లు మూసుకుని కొనండి" అన్నాను. ఆ మాట ఇప్పుడు అట్లాగే చెప్పలేను.

పోయిన శ్రావణంలో, వరలక్ష్మీ వ్రతానికి ముందు రోజు గురువారం. షాపులో కాలు పెట్టే సందు లేదు. మధ్యాహ్నం అన్నానికి వదల్లేదు. నాలుగు దాటాక ఎవరో కారం దోసెలు పార్సిల్ తెచ్చారు. కడప కారం దోసె తెలియని వాళ్లకు చెప్తున్నా, ఎండుమిరపకాయలు, ఉల్లిగడ్డ, తెల్లగడ్డ నూరిన ఎర్రకారం దోసె నిండా పూసి, పైన పప్పుల పొడి చల్లి, అంచుల వెంట నూనె, మీద వెన్న వేసి ఎర్రగా కాల్చి ఇస్తారు. పార్సిల్ కాగితం నూనెకు అద్దంలా అయిపోయుంది. స్టాకు రూములో నిలబడే ఐదు నిమిషాల్లో తిన్నాను. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. అద్దంలో చూసుకుంటే పెదవుల రంగు బాగానే ఉంది, కొంచెం మెరుస్తోంది, అంతే. మూడేళ్ల నమ్మకం నాది, ఇంకేమీ ఆలోచించలేదు.

మైదుకూరు వైపు నుంచి ఒక పెద్దామె కూతురి నిశ్చితార్థానికి చీర కోసం వచ్చింది. గంధం రంగు ధర్మవరం పట్టు, ఎర్రంచు, 14,500 రూపాయలది. కూతురిది నా ఎత్తే అని నా మీద వేసి చూపించమంది. కుచ్చిళ్లు పోసి, అంచు గడ్డం కింద పెట్టుకుని, పైట సర్ది ఇటు తిరిగాను. ఆమె ముఖం మారిపోయింది.

"ఏమ్మా, కొత్త చీర అంటివి. ఈడ ఎర్రగా ఏంది?"

అంచుకు బెత్తెడు కింద, గంధం రంగు మీద రెండు మచ్చలు. ఒకటి బియ్యపు గింజంత, ఇంకొకటి చింతగింజంత. పెద్ద మచ్చ చుట్టూ నూనె చెమ్మ ఉంగరంలా పాకుతోంది. అది చూస్తూ ఉంటే నా చేతులు చల్లబడిపోయాయి. తెలియకుండానే బొటనవేలితో రుద్దబోయాను. షాపులో మా సీనియర్, అందరం ఆపా (అక్క) అని పిలిచే ఆమె, పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అరె, రుద్దొద్దు! రుద్దితే లోపలికి దిగుతాది. నీళ్లు గూడా తగలనీయద్దు."

తన బ్యాగులోంచి పౌడర్ డబ్బా తీసి ఆ రెండు మచ్చల మీద గుట్టలా పోసింది. చీరను కదలకుండా బల్ల మీద పెట్టి, గంటసేపు ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. ఆ తర్వాత మెత్తని బ్రష్‌తో దులిపితే పౌడర్ కొంచెం గులాబీ రంగుకు తిరిగి ఉంది, నూనె ఉంగరం చాలావరకు పోయింది. మిగిలిన మచ్చ కోసం మర్నాడు పెట్రోల్ వాష్‌కు పంపారు. ట్యూబులైటు కింద చూస్తే ఏమీ కనపడదు. ఎండలో ఏటవాలుగా పట్టుకుంటే మాత్రం నీడలాంటిది ఉంది. ఆ చీరను తర్వాత 1,500 తగ్గించి వేరే వాళ్లకు అమ్మారు, ఆ సంగతి చెప్పే అమ్మారు. ఆ 1,500 నా జీతంలో నెలకు ఐదువందల చొప్పున మూడు నెలలు పట్టుకున్నారు. నా జీతం 11,500. దీపావళికి తమ్ముడికి చొక్కా కొనలేకపోయాను, ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఎందుకిట్లా అయిందో తెలుసుకోకుండా ఉండలేకపోయాను. బీ ఫార్మసీ చదువుతున్న మా చిన్నాయన కూతురికి డబ్బా ఇచ్చి, వెనక రాసింది చదివించాను. మొదట ఉండేది ఐసోడోడెకేన్ అనే ద్రవం. పూసిన నిమిషం, రెండు నిమిషాల్లో గాలిలోకి ఎగిరిపోతుంది. మిగిలేది సిలికాన్ జిగురు పొర, అందులో ఇరుక్కున్న రంగు పొడి. ఆ పొరకు నీళ్లన్నా, ఉమ్మన్నా, చెమటన్నా లెక్క లేదు, ఇవన్నీ నీటి జాతి. నూనె తగిలితే మాత్రం మెత్తబడి ఊడొస్తుంది. "రాత్రి దీన్ని దేంతో తీస్తావు అక్కా?" అని అడిగింది చెల్లెలు. కొబ్బరినూనెతో. మూడేళ్లుగా రోజూ రాత్రి నా చేత్తో నేనే నూనె పెట్టి తీస్తున్నాను. నూనెకు పోతుందని నాకంటే బాగా ఎవరికి తెలుసు! దోసె నూనె దగ్గర ఆ సంగతి తట్టలేదు.

నా కోపమంతా ఆ డబ్బా మీది రాత మీద. పన్నెండు గంటలు ఉంటుందని, అంటదని పెద్ద అక్షరాల్లో ఉంది. నూనె తిండి తింటే పోతుందని ఒక్క ముక్క చిన్న అక్షరాల్లోనైనా లేదు. మన ఊళ్లో నూనె తగలని తిండి ఏముంది?

ఆ తర్వాత వచ్చిన సెలవు రోజు నాన్న పాత పంచె చింపి ముక్కలు చేసుకుని కూర్చున్నాను. ఒక్కోసారి కొత్తగా పూసుకోవడం, పది నిమిషాలు ఆరనివ్వడం, ఏదో ఒకటి తినడం, గుడ్డముక్కను పెదవులకు అదిమి పక్కన పెన్నుతో రాసుకోవడం. టీ తాగాక గుడ్డ తెల్లగానే ఉంది. మజ్జిగన్నానికీ ఏమీ కాలేదు. రాగి సంగటి, పప్పు తిన్నాక లోపలి అంచు దగ్గర సన్నని గీత పడింది, అదీ బాగా అదిమితేనే. అదే సంగటిని శనక్కాయల ఊరిబిండితో, అంటే శనక్కాయల పచ్చడితో తింటే గుడ్డ మీద పెదవి ఆకారం సగం దిగింది. శనక్కాయల్లోనే అంత నూనె ఉంది మరి. మిరపకాయ బజ్జీ తిన్నాక ఇంక చెప్పేదేముంది, స్టిక్ పూసుకున్నట్టే అచ్చుపడింది. బెంగళూరు అత్త ఇచ్చిన ఏడువందల పైచిలుకు ధర లిప్‌స్టిక్‌నూ ఇట్లాగే బజ్జీతో చూశాను. అదీ అచ్చుపడింది. పెదవుల మీద ఇంకొంచెం మెత్తగా ఉంటుందే తప్ప, నూనె ముందు రెండూ ఒకటే. ఎక్కువ డబ్బు పెట్టినంత మాత్రాన ఈ లోపం తీరదని అప్పుడు తెలిసింది.

ఇంకో సంగతి కూడా అప్పుడే అర్థమైంది. రంజాన్ నెలలో ఆపా కూడా ఇదే పూసుకునేది. పొద్దున పూసుకుంటే సాయంత్రం దాకా గీత చెదిరేది కాదు, అందరం మెచ్చుకునేవాళ్లం. రోజా ఉన్నప్పుడు ఆమె ఏమీ తినదు కదా. ఇఫ్తార్‌లో సమోసా తిన్న పది నిమిషాలకు ఆపా పెదవులు ఉత్తగా కనిపించేవి. ఇన్నేళ్లూ అది కళ్ల ముందే ఉంది.

ఒకటి మాత్రం నాకు కలిసొచ్చింది. నేను వాడేది ఇటుక రంగు. డబ్బా మీద రంగుల నంబర్లలో ముందుండేది సిఐ 77491, అంటే ఎర్ర ఐరన్ ఆక్సైడ్. జేగురుమన్ను రంగు కూడా అదే పదార్థం వల్ల వస్తుంది. అది పొడి, దారం మీద కూర్చుంటుందే కానీ దారంలోకి ఇంకదు. అందుకే పౌడరూ పెట్రోలూ కలిసి ఆమాత్రమైనా తీయగలిగాయి. ఇదే కంపెనీ ముదురు గులాబీ రంగులో సిఐ 45410 ఉంటుంది. దాన్ని ఒకసారి వాడితే తీసేశాక కూడా పెదవుల మీద గులాబీ చాయ మర్నాటిదాకా పోలేదు. చర్మాన్నే అట్లా పట్టే రంగు పట్టుకు అంటితే ఏమయ్యేదో. బట్టల షాపులో పనిచేసే వాళ్లు ఆ గులాబీ జోలికి పోవద్దు.

పాత లెక్క కూడా కొంచెం సవరించాలి. నాలుగు నెలలు వస్తుందన్నాను కానీ, ఆఖరి రెండు వారాలు అది చిక్కబడి ఉండలు కడుతుంది. మూత తీసిన ప్రతిసారీ ఆ ద్రవం కొంత ఎగిరిపోతుంది కదా. ఆ ఉండలు పూసుకుంటే మధ్యాహ్నానికి పొలుసుల్లా రాలతాయి. నికరంగా తొంభై రోజులు అనుకోండి, రోజుకు రెండు రూపాయల ఇరవై పైసలు. పెదవులు ఎండిపోవడం కూడా ఉంది. చలికాలంలో, పైగా రోజంతా ఏసీలో, రాత్రి వెన్న రాసుకోకపోతే పగుళ్లు వస్తాయి. నాకు ఇరవై ఐదేళ్లు కాబట్టి తట్టుకుంటున్నాను. ఆపాకు యాభై దగ్గర, గీతల్లోకి దిగి పగిలినట్టు కనిపిస్తోందని మానేసి మళ్లీ స్టిక్‌కు పోయింది.

బండ్ల మీద ఇదే డబ్బా యాభై రూపాయలకు అమ్ముతారు, అది కొనొద్దు. ఒకసారి తీసి చూశాను. పేరులో ఒక అక్షరం తేడా, బ్యాచ్ నంబరు లేదు, తయారీ లైసెన్సు నంబరు లేదు, ఎప్పటిలోపు వాడాలో లేదు. ఇవి లేని డబ్బా పెదవుల దాకా రానివ్వకూడదు, మనం రోజూ ఎంతో కొంత మింగేది దాన్నే.

మరి ఇంత జరిగాక ఇంకా వాడుతున్నావా అంటే, వాడుతున్నాను. ఇప్పుడు నా దగ్గర ఉన్నది పదో ట్యూబు. నా పనికి, నా జీతానికి ఇంతకంటే కుదిరేది ఇంకా దొరకలేదు. ఆఫీసులో కూర్చుని చేసే పనైతే, బట్టలకు పెదవి తగిలే అవసరం లేకపోతే, 120 రూపాయల స్టిక్కే పెదవులకు హాయి. పొడి పెదవుల వాళ్లకు ఇది పడకపోవచ్చు. పెళ్లిలో మేకప్ కోసమైతే భోజనం అయ్యాక మళ్లీ వేసుకునే వీలు ఉందో లేదో చూసుకోండి.

నేను చేసేది ఇది. పాత కుంకుమ డబ్బా ఒకటి కడిగి, అందులో కొబ్బరినూనెలో తడిపిన దూది పెట్టుకుని బ్యాగులో వేసుకుంటాను. మధ్యాహ్నం తిన్నాక ఆ దూదితో మొత్తం తీసేస్తాను. ఉన్నదాని మీదే మళ్లీ పూస్తే నిలవదు, పొర పొరగా లేస్తుంది. సబ్బుతో జిడ్డు కడిగి, తుడిచి, కొత్తగా పూసి, రెండు నిమిషాలు నోరు కదపకుండా నిలబడతాను. గిరాకీ దగ్గరికి పోయేముందు నా తెల్ల కర్చీఫ్‌ను పెదవులకు గట్టిగా అదిమి చూస్తాను. అది తెల్లగా ఉంటేనే చీర మీద వేసుకుంటాను. షాపులో మిగతా ఐదుగురికీ ఒక్కో పాత కుంకుమ డబ్బా నేనే తెచ్చిచ్చాను.