ముజోకో: తాకిడిని మెత్తగా లెక్కించే ఫిజిక్స్ ఇంజిన్

రోబోను తయారు చేయకముందే దాని నడకను, పట్టును కంప్యూటర్‌లో పరీక్షించదలచినవారికి ఓడీఈ, బుల్లెట్, డార్ట్ వంటి ఫిజిక్స్ ఇంజిన్లు (వస్తువుల కదలికను, తాకిడిని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్లు) అనేకం ఉన్నప్పటికీ, కీళ్లున్న యంత్రాల విషయంలో నేను మొదట తెరిచేది ముజోకోనే. ఎమో టోడోరోవ్, ఆయన సహచరులు 2012లో పరిశోధన పత్రం ద్వారా పరిచయం చేసిన ఈ సాఫ్ట్‌వేర్‌కు చాలాకాలం లైసెన్సు కొనవలసి వచ్చేది. 2021 అక్టోబరులో గూగుల్ అనుబంధ కృత్రిమ మేధ సంస్థ డీప్‌మైండ్ దానిని కొని ఉచితం చేసింది. 2022 మే నెలలో అపాచీ 2.0 అనే ఓపెన్ సోర్స్ లైసెన్సుతో సోర్స్ కోడ్‌ను కూడా విడుదల చేసింది. కనుక ధర గురించి ఇక చెప్పవలసినది లేదు.

ఓడీఈ వంటి ఇంజిన్ రోబోలోని ప్రతి భాగాన్నీ ఆరు విధాలుగా కదలగల విడి వస్తువుగా భావించి, ఆపైన కీలు దగ్గర నిబంధనలతో కట్టివేస్తుంది. లెక్కలో దోషం పేరుకున్నప్పుడు మోచేయి దగ్గర రెండు ముక్కలు విడివడినట్లు కనిపించేది అందుకే. ముజోకో మోచేతికి ఒకే కోణాన్ని కేటాయిస్తుంది కాబట్టి అక్కడ విడిపోవడానికి అసలు ఏమీ ఉండదు.

అయితే ఈ ఇంజిన్ అసలు స్వభావం తెలిసేది రెండు వస్తువులు ఒకదానినొకటి తాకినప్పుడే. ఏమాత్రం లొంగని వస్తువుల మధ్య స్పర్శను, ఘర్షణను ఉన్నదున్నట్లు సాధించబోతే సమీకరణాలు మొండికేస్తాయి. ఒక్కోసారి జవాబు ఒకటి కన్నా ఎక్కువ ఉంటుంది, ఒక్కోసారి ఉండనే ఉండదు. ముజోకో ఆ కాఠిన్యాన్ని కొంత సడలించి, లెక్కలోని ప్రతి కాలపు అడుగులోనూ తాకిడిని ఒక కాన్వెక్స్ ఆప్టిమైజేషన్ సమస్యగా (గిన్నె అడుగులా ఒకే కనిష్ఠ బిందువును వెతికే లెక్కగా) మార్చుకుంటుంది. అందువల్ల జవాబు ఒక్కటే వస్తుంది. అంతేకాక, కదలికను ఇస్తే దానికి కారణమైన బలాలను వెనక్కు లెక్కించడం కూడా, పాదం నేలను తాకి ఉన్నప్పటికీ, సాధ్యమవుతుంది. నియంత్రణ పద్ధతులపై పనిచేసేవారికి ఇది చిన్న సౌకర్యం కాదు.

దీనికి చెల్లించవలసిన మూల్యం కూడా అక్కడే ఉంది. బరువైన వస్తువు నేలలోకి వెంట్రుకవాసి దిగుతుంది, గ్రిప్పర్ (వస్తువులను పట్టే రోబో చేయి) బిగించి పట్టిన వస్తువు నెమ్మదిగా జారుతూ ఉంటుంది. ముజోకో అమరికలలో ఎలిప్టిక్ ఘర్షణ శంకువును (ఘర్షణ బలం హద్దును దీర్ఘవృత్తంగా లెక్కించే పద్ధతిని) ఎంచుకుని ఇంప్‌రేషియో (ఒత్తిడి దిశతో పోలిస్తే ఘర్షణ దిశలో ఎంత గట్టిదనం ఉండాలో చెప్పే నిష్పత్తి) విలువను పెంచితే, అవసరమైతే జారుడును సరిదిద్దే నోస్లిప్ సాల్వర్‌ను కూడా జోడిస్తే, ఆ జారుడు దాదాపు కనిపించకుండా పోతుంది. కొత్తవారు వీటిని వదిలి ఘర్షణ గుణకాన్నే పెంచుకుంటూ పోతారు. దానివల్ల ప్రయోజనం లేదు. స్పర్శను గట్టిపరచడానికి సోల్‌రెఫ్‌ను (స్పర్శ ఎంత త్వరగా సర్దుకోవాలో చెప్పే అమరికను) తగ్గించేవారు కూడా దాని కాలస్థిరాంకం టైమ్‌స్టెప్‌కు (లెక్కలో ఒక్కో అడుగు నిడివికి) కనీసం రెండింతలు ఉండాలన్న నియమాన్ని మరువరాదు. టైమ్‌స్టెప్ మామూలుగా 0.002 సెకన్లు ఉంటుంది.

ఆకారాల విషయంలో నాకు నిజమైన అసంతృప్తి ఉంది. మెష్ (త్రిభుజాలతో అల్లిన ఆకారం) ఏదైనా సరే, తాకిడి లెక్కకు దాని కుంభాకార పైపొరనే (గుంటలన్నీ పూడ్చినట్లుండే బయటి ఆకారాన్నే) తీసుకోవడం ఇక్కడి మామూలు పద్ధతి. కప్పు మెష్‌ను యథాతథంగా ఇచ్చి అందులో బంతిని వదిలితే, కనిపించని మూత ఉన్నట్లు బంతి అంచుల మీదనే ఆగిపోతుంది. కప్పును చిన్నచిన్న కుంభాకార ముక్కలుగా విడగొట్టుకునే పని మనదే. బోల్టుకు నట్టు బిగించడం వంటి పనులను పరీక్షించేవారు ఈ శ్రమను ముందే లెక్కలో వేసుకోవాలి.

నమూనా రాసే ఎంజేసీఎఫ్ ఎక్స్ఎంఎల్ భాష చదవడానికి హాయిగా ఉంటుంది. రోబోలను వర్ణించడానికి విరివిగా వాడే యూఆర్‌డీఎఫ్ ఫైళ్లను కూడా ముజోకో నేరుగా స్వీకరిస్తుంది. కాకపోతే ఎంజేసీఎఫ్‌లో కోణాలు మామూలుగా డిగ్రీలలోనూ, యూఆర్‌డీఎఫ్‌లో రేడియన్లలోనూ ఉంటాయి. మోకాలు ఎందుకు వంగడం లేదా అని ఒక పూటంతా వెతికిన తర్వాతే నాకు ఆ తేడా తలకెక్కింది.

2023లో 3.0 వెర్షన్‌తో పాటు వచ్చిన ఎంజేఎక్స్ ఇదే గణితాన్ని గూగుల్ గణన లైబ్రరీ జాక్స్ ద్వారా జీపీయూ మీదికి తెచ్చి, వేల నమూనాలను ఏకకాలంలో నడుపుతుంది. రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ (పదేపదే ప్రయత్నింపజేసి నేర్పే పద్ధతి) చేసేవారికి అది అవసరమే గాని, ఒకే ఒక్క రోబోను నడిపేవారికి మామూలు సీపీయూ రూపమే ఎక్కువ వేగంగా పనిచేస్తుంది.