సూర్యారావుపేట మాస్టర్ చెకప్: రక్తం దగ్గర శ్రద్ధ, బీపీ దగ్గర తొందర

విజయవాడ సూర్యారావుపేటలోని ఓ డయాగ్నస్టిక్ సెంటర్ వారి మాస్టర్ చెకప్, అంటే ఒకేసారి చేసే ఆరోగ్య పరీక్షల ప్యాకేజీ ఇది. రక్తం తీసే పని శుభ్రంగా ఉంది: కొత్త సూది మన కళ్లముందే విప్పుతారు, ట్యూబు మీద పేరు అక్కడే రాస్తారు. పరగడుపు అంటే 8 నుంచి 12 గంటలు. మంచినీళ్లు తాగొచ్చు, కాఫీ వద్దు. టిఫిన్ తర్వాతి షుగర్‌కు రెండు గంటల లెక్క మొదటి ముద్ద నుంచి. కౌంటర్లో ఈ మాట చెప్పరు, జనమేమో చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి లెక్కేసుకుంటారు.

అసలు లోపం బీపీ దగ్గర. మెట్లెక్కి వచ్చిన మనిషికి చొక్కా మీదే పట్టీ చుట్టి, ఒక్కసారి చూసి రాసేస్తారు. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టాలి. పాదాలు నేలకానాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. లేకపోతే లేని బీపీ వచ్చి కూర్చుంటుంది.

ట్యూమర్ మార్కర్లు, అంటే క్యాన్సర్ జాడ వెతికే రక్తపరీక్షలు, అంటగడతారు. లక్షణాలు లేనివాళ్లకు దండగ. 30 దాటిన ఆడవాళ్లకు కావలసిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష మాత్రం జాబితాలో లేదు! రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ ఉంది, నయం. 5.7 నుంచి 6.4 మధ్య వస్తే షుగర్ అంచున ఉన్నట్టే. అన్నం కొలత, నడక అప్పుడే మొదలుపెట్టాలి. వెళ్లేటప్పుడు పాత రిపోర్టు పట్టుకెళ్లండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.8 నుంచి 1.2కి పెరిగితే కాగితం మీద నార్మలే, డాక్టరు కంటికి కాదు.