జాగ్రత్త: ఈ చవక మడత చాకుల లాక్ నిలవదు, మరమ్మతు చేసినా బాగుపడదు

ఆన్‌లైన్‌లో 300, 400 రూపాయలకు వస్తున్న నల్ల మడత చాకు కొందామనుకుంటున్నవాళ్లు కాస్త ఆగండి. తెరిస్తే టక్కుమంటుంది, చేతిలో బరువుగా ఆనుతుంది, చూడ్డానికి ఏ లోపమూ కనబడదు. నాకొచ్చినదీ అలాగే ఉంది. మేడ మీద కుండీకి కట్టిన కొబ్బరి తాడు ముడిలో మొన దూర్చి పైకి లేపబోతే, తెరిచిన బ్లేడు మడుచుకోకుండా ఆపే లాక్ జారి, బ్లేడు మడుచుకుని చూపుడు వేలి మీద పడింది. కుట్లు వేయించుకోవాల్సి వచ్చింది.

అమ్మినవాళ్లకు ఫొటోలతో సహా రాస్తే, "స్క్రూ కాస్త బిగించండి, సరిపోతుంది" అన్నారు. బిగించాను. లాక్ మళ్లీ జారింది. వాపసు అడిగితే ఈసారి జవాబు మారింది: స్క్రూలు తిప్పిన వస్తువును తీసుకోరట! తిప్పమన్నది వాళ్లే. ఇక్కడే చాలామంది పోతే పోయిందని వదిలేస్తారు, వదలకండి. వస్తువులో లోపం ఉంటే అమ్మినవాడు వాపసు తీసుకోననడానికి 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు ఒప్పుకోవు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, వాళ్ల రెండు జవాబుల స్క్రీన్‌షాట్లూ పంపాను. ఆ తర్వాతే డబ్బు వెనక్కి వచ్చింది. చాకు మాత్రం వాళ్లు తీసుకెళ్లలేదు. అందుకే పూర్తిగా విప్పి చూశాను.

వీటిలో ఉండేది లైనర్ లాక్. పిడి లోపల రెండువైపులా పలుచని లోహపు రేకులుంటాయి. ఒక రేకును నిలువునా చీల్చి, స్ప్రింగులా లోపలికి వంచుతారు. బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే ఆ రేకు పక్కకు జరిగి, బ్లేడు మొదలుకు అడ్డంగా నిలబడాలి. మంచి చాకులో అది బ్లేడు మందంలో మూడో వంతు నుంచి సగం దాకా ఆనుకుంటుంది. నా చాకులో రేకు మూల ఒక్కటే తగులుతోంది. ఆ రేకు ఎంత మెత్తనిదంటే తగిలిన చోట అప్పటికే నొక్కుకుపోయి మెరుస్తోంది. బ్లేడు తెరుచుకున్నాక ఆనే ఆపుడు పిన్ను కూడా దాని రంధ్రంలో కదులుతోంది. వాషర్లు పల్చటి ప్లాస్టిక్‌వి, ఒకటి చిరిగి ఉంది.

విప్పడమూ ఒక తలనొప్పే. స్క్రూ తలలు టార్క్స్ రకం, అంటే ఆరు మొనల నక్షత్రం ఆకారపు గుంట ఉన్నవి, వాటికి టీ6, టీ8 సైజు బిట్లు కావాలి. లోహం మెత్తన కాబట్టి బిట్ సరిగ్గా కూర్చోకుండా తిప్పితే తల అరిగిపోతుంది. బిగుసుకున్న స్క్రూ మీద వేడి సోల్డరింగ్ ఐరన్ కాసేపు ఆనిస్తే లోపలి జిగురు మెత్తబడి వదులుతుంది.

బ్లేడు అటూ ఇటూ ఊగితే అది బాగవుతుంది. పాత వాషర్లు మార్చి, ఇరుసు స్క్రూ మరల్లో నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క వేసి బిగిస్తే చాలు. ఎరుపు రంగుది వద్దు, బాగా వేడి చేస్తే తప్ప వదలదు. పదును పోతే సానరాయి ఉంది. కానీ లాక్ సంగతి వేరు. రేకును ఇంకా వంచమని, బ్లేడు మొదలును ఆకురాయితో రాయమని చూపించే వీడియోలు చాలా ఉన్నాయి. దయచేసి ఆ పని చేయకండి. రాస్తే రేకు ఇంకా అవతలికి జరుగుతుంది, నాలుగు రోజులు గట్టిగా ఉన్నట్టే ఉండి మళ్లీ జారుతుంది. సరైన కోణం, గట్టిపరిచిన రేకు, బిగుతైన పిన్ను, ఈ మూడూ తయారీలోనే రావాలి. ఇంత చవక చాకులకు విడిభాగాలు కూడా దొరకవు.

బ్లేడు మీద ఉక్కు రకం "440" అని ఉంటే మురిసిపోకండి. ఉక్కును గట్టిపరిచే కార్బన్ 440ఏలో 0.60 నుంచి 0.75 శాతం, 440సీలో 0.95 నుంచి 1.20 శాతం. అక్షరం లేకుండా ఉత్త 440 అంటే ఏదైనా కావచ్చు.

ఇప్పటికే కొన్నవాళ్లు వాపసు గడువు లోపలే, స్క్రూ ముట్టుకోకముందే చూసుకోండి. చాకు తెరిచి, రేకు ఎక్కడ ఆగిందో వెలుతురులో ఫొటో తీయండి. మందపాటి చేతి తొడుగు వేసుకుని, వేళ్లు బ్లేడు దారిలో లేకుండా పిడిని రెండు పక్కల నుంచి పట్టుకుని, బ్లేడు వెన్నును చెక్క మీద మెల్లగా నొక్కండి. రేకు జారినా, బ్లేడు కిందికీ పైకీ కదిలినా వెంటనే వాపసు పెట్టేయండి. తర్వాత చాకు మూసి, మొన వైపు కిందికి ఉండేలా విదిలించండి. బ్లేడు దానంతటదే బయటికొస్తే జేబులో వేసుకోవడానికి అసలు పనికిరాదు.

తోట పనికైతే మడవని చిన్న చాకు, దానికో ఒర చాలు, జారడానికి లాకే ఉండదు. మడిచేదే కావాలంటే, ఫ్రాన్స్ కంపెనీ ఒపినెల్ చాకులకు 1955 నుంచి ఉన్నట్టు, తిప్పితే బ్లేడుకు అడ్డుపడే ఉంగరం ఉన్నది చూడండి. లాక్ పడిందో లేదో కంటికి కనిపిస్తుంది. ధర ఎక్కువే, కానీ ఆ రోజు నా కుట్లకైన ఖర్చు కూడా తక్కువేం కాదు.