కటికి జలపాతం: చోటు మంచిదే, జీపుతోనే తంటా

కటికి జలపాతానికి వెళ్లాలనుకునే విశాఖ వాసులకు నేను మొట్టమొదట చెప్పేది ఒక్కటే: బొర్రా గుహల దగ్గర జీపు ఎక్కే ముందు, తిరుగు ప్రయాణం సంగతి తేలనిదే చేతిలోని డబ్బు వదలకండి.

గత అక్టోబరులో నేను, మా ఆవిడ, మా బావమరిది, అతని పదేళ్ల కొడుకు విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కి బొర్రాలో దిగాము. సొరంగాలు లెక్కపెడుతూ పిల్లవాడికి, గుహలు చూస్తూ మాకు మధ్యాహ్నం దాకా పొద్దు హాయిగా గడిచింది.

గుహల బయట ఒక జీపు డ్రైవరు, రానూపోనూ ప్రయాణానికి, రెండు గంటల నిరీక్షణకు కలిపి 1,600 రూపాయలకు ఒప్పుకొని, మొత్తం ముందే ఇమ్మన్నాడు. ఇచ్చాను. రాళ్లు తేలిన ఆ దారిలో సగం దూరం వెళ్లాక బండి ఆపి, "ఇక్కణ్ణుంచి రోడ్డు బాగోదు సార్, ఇంకో 400 అవుద్ది" అన్నాడు. రోడ్డు బాగోదనే కదా జీపు మాట్లాడుకున్నది! నేను వాదించబోతుంటే బావమరిది, పిల్లవాడు ఆకలంటున్నాడని చెప్పి, తన జేబులోంచి తీసి ఇచ్చేశాడు. మా ఆవిడ మాత్రం ముఖం కొండవైపు తిప్పుకుంది. ఆ మౌనం డ్రైవరు మీద కాదని నాకు తెలుసు.

జీపు ఆగిన చోట ఒక గిరిజన మహిళ వెదురు కర్రలు ఒక్కొక్కటి 20 రూపాయలకు అమ్ముతోంది. అనవసరమనుకుంటూనే నాలుగు కొన్నాను, ఆవిడ దగ్గరే అరకిలో బొంగు చికెన్ 350 రూపాయలకు చెప్పి బయలుదేరాము. నడక మొదలైన పది నిమిషాలకే ఆ కర్ర విలువ తెలిసింది. రెండు వైపులా అడవి కమ్ముకున్న ఇరుకైన లోయలో, బండరాళ్ల మీదుగా, చెట్ల వేళ్లు పట్టుకొని ఎక్కవలసిన దారి అది. తూర్పు కనుమల్లో విరివిగా కనిపించే, ఖోండు గిరిజనుల పేరుతోనే పిలిచే ఖోండలైట్ రాయి వానకూ ఎండకూ పెళుసెక్కి ఉంటుంది కనుక, గట్టిగా కనిపించిన అంచు కూడా కాలు మోపగానే ఎర్రటి పొడిగా రాలిపోతుంది. నీడ పట్టున ఉన్న రాళ్లకేమో పాచి. నున్నటి అడుగున్న చెప్పులతో వచ్చిన మా బావమరిది రెండుసార్లు చతికిలబడి, చివరికి వాటిని చేతపట్టుకొని నడిచాడు. నలభై నిమిషాల నడకే అయినా, వెనుక పట్టీ ఉన్న గరుకు చెప్పులో బూట్లో లేనిదే వెళ్లవద్దు.

జలపాతం దగ్గర దూకేది గోస్తనీ నీరే. దిగువన తాటిపూడి జలాశయంలో చేరి విశాఖ కుళాయిల్లోకి వచ్చేదీ ఆ నదే. మా వీధిలో సన్నటి ధారకోసం బిందెలు వరుసపెట్టే మా ఆవిడ, ఇక్కడ తుంపర ముఖాన కొడుతుంటే చాలాసేపు నిలబడిపోయి, జీపు దిగాక మొదటిసారి నాతో మాట్లాడింది: "బిందె తేవలసింది."

కిందికి దిగేసరికి బొంగు నిప్పుల మీద నల్లబడి ఉంది. కర్రలమ్మిన ఆ గిరిజన మహిళ దాన్ని కత్తితో నిలువునా చీల్చి, మూతికి కుక్కిన ఆకు లాగగానే పచ్చి వెదురు వాసనతో ఆవిరి పైకి లేచింది. నూనె చుక్క లేకుండా, తన నీటిలోనే ఉడికిన ముక్క ఎముక నుంచి అలా జారి వచ్చింది. అరకు రోడ్డు మీద తిన్న బొంగు చికెన్ దీని ముందు దిగదుడుపే. తిన్నాక మూడు కర్రలు తిరిగి ఇస్తే, మేము అడగకపోయినా 30 రూపాయలు చేతిలో పెట్టింది.

జీపు మాత్రం లేదు. గంటా నలభై నిమిషాలకే మేము వచ్చినా, ఆ పెద్దమనిషి మరో బేరం చూసుకొని వెళ్లిపోయాడు. యాభై నిమిషాలు ఎదురుచూసి, ఇంకో జీపుకు 700 ఇచ్చి బయటపడ్డాము. మీరు వెళితే సగం డబ్బు తిరిగి వచ్చాకే ఇవ్వండి, బండి నంబరు ఫోటో తీసుకోండి.

నాలుగో కర్రను పిల్లవాడు వదలలేదు. ఇప్పుడు దానితో మా అత్తగారు మేడ మీద వడియాల దగ్గర కాకులను తోలుతున్నారు.