ప్రాంగ్స్, మాస్క్, ఆంబూ బ్యాగ్: ఆయాసంలో ఏది మేలు?

రోగికి ఆక్సిజన్ దేనితో పెట్టాలన్నది శ్వాసమార్గం తెరుచుకుని ఉందని తేలిన తరువాత వచ్చే ప్రశ్న. స్పృహ తప్పి, నాలుక వెనక్కి జారి గురక పెడుతున్నవారికి తల వెనక్కి వంచి గడ్డం పైకెత్తాలి. మెడకు దెబ్బ తగిలిందన్న అనుమానముంటే తల కదల్చకుండా దవడను ముందుకు నెట్టాలి. ఇది చేయకుండా ఏ మాస్క్ తగిలించినా ఫలితం ఉండదు.

ముక్కు రంధ్రాల్లో పెట్టే సన్నని గొట్టాలైన నేసల్ ప్రాంగ్స్ నిమిషానికి 1 నుంచి 6 లీటర్ల వరకు పనికొస్తాయి. పీల్చే గాలిలోని 21 శాతం ఆక్సిజన్ లీటరుకు సుమారు 4 శాతం చొప్పున పెరిగి, గరిష్ఠంగా 44 శాతం దాకా చేరుతుంది. రోగి మాట్లాడగలడు, వాంతి వచ్చినా అడ్డుండదు. మామూలు మాస్క్ 35 నుంచి 60 శాతం ఇస్తుంది గానీ, ప్రవాహం 5 లీటర్లకు తగ్గితే వదిలిన కార్బన్ డయాక్సైడ్‌నే రోగి మళ్లీ పీలుస్తాడు. అత్యవసర వేళల్లో దీని ప్రత్యేక అవసరం తక్కువేనని నా అభిప్రాయం.

షాక్‌లోనో (రక్తప్రసరణ పడిపోయిన స్థితి), తీవ్ర గాయాలతోనో ఉన్నవారికి ఆక్సిజన్ నిండే సంచి ఉండి, వదిలిన గాలిని మళ్లీ పీల్చనివ్వని నాన్ రీబ్రీదర్ మాస్కే మేలు. ముందు సంచి నిండనిచ్చి, 10 నుంచి 15 లీటర్లు పెడితే 60 నుంచి 90 శాతం అందుతుంది. పొగలో చిక్కుకున్నవారికీ ఇదే పెట్టాలి. కార్బన్ మోనాక్సైడ్ పీల్చినప్పుడు పల్స్ ఆక్సీమీటర్ 98 చూపినా నమ్మరాదు. అయితే సుమారు 1,500 లీటర్లు పట్టే బీ టైప్ సిలిండర్ 15 లీటర్ల చొప్పున గంటా నలభై నిమిషాలే వస్తుంది, 2 లీటర్లైతే పన్నెండు గంటలు దాటుతుంది. దూరపు ఊరి నుంచి బయలుదేరే ముందే ఈ లెక్క చూసుకోవాలి.

సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవారికి రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 88–92 శాతం మధ్య ఉంటే చాలు. ప్రాంగ్స్‌తో 1–2 లీటర్లు, లేదా ఆక్సిజన్‌ను నిర్ణీత శాతంలోనే ఇచ్చే 24, 28 శాతం వెంచురీ మాస్క్ సరిపోతాయి. ఎక్కువ ఇస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవచ్చు.

శ్వాసే మందగించి, ఛాతీ సరిగా లేవనివారికి వీటిలో ఏదీ చాలదు, చేత్తో నొక్కి మాస్క్ ద్వారా ఊపిరి అందించే ఆంబూ బ్యాగే శరణ్యం. పెద్దవారికి ఆరు సెకన్లకొకసారి, ఛాతీ లేచేంత మేరకే నొక్కాలి. గట్టిగా నొక్కితే గాలి పొట్టలోకి వెళ్లి వాంతి అవుతుంది. ఒకరు రెండు చేతులతో మాస్క్ బిగించి పట్టుకోగా మరొకరు నొక్కడమే ఉత్తమం. కానీ 108 అంబులెన్స్ కదిలాక పైలట్ (డ్రైవర్) స్టీరింగ్ వదలలేడు, వెనుక ఈఎంటీ (అత్యవసర వైద్య సిబ్బంది) ఒక్కరే మిగులుతారు. అందుకే గ్యాగ్ రిఫ్లెక్స్ (గొంతులో ఏదైనా తగిలితే వచ్చే ఓకరింత) లేని రోగికి బయలుదేరకముందే నాలుక వెనక్కి జారకుండా ఆపే నోటి ఎయిర్‌వే గొట్టం అమర్చి, మాస్క్ అంచుల నుంచి గాలి పోవడం లేదని సరిచూసుకోవాలి.