వేరుకుళ్లు పట్టిన పూల మొక్కకు ఏది మేలు: కొత్త మట్టా, మందా, ట్రైకోడెర్మానా?

మట్టి తడిగానే ఉంటుంది, ఆకులు మాత్రం వేలాడిపోతాయి. దాహమేసిందేమో అనుకుని ఇంకో చెంబుడు నీళ్లు పోస్తాం. వేరుకుళ్లు సోకిన మొక్కకు అంతకు మించిన హాని లేదు. కుళ్లిన వేరు నీటిని పైకి పంపలేదు కాబట్టి చుట్టూ ఎంత నీరున్నా మొక్క ఎండిపోతూనే ఉంటుంది. పైగా నీటిలో ఆక్సిజన్ కదలిక గాలిలోకన్నా దాదాపు 10,000 రెట్లు నెమ్మది. మట్టి సందులన్నీ నీటితో నిండితే మిగిలిన మంచి వేర్లకూ ఊపిరాడదు.

అప్పుడు మన ముందుండే దారులు నాలుగు: నీళ్లు ఆపి ఆరనివ్వడం, మొక్కను తీసి కుళ్లిన వేర్లు కత్తిరించి కొత్త మట్టిలో నాటడం, మొదలు చుట్టూ శిలీంధ్రనాశిని పోయడం, తెగులు శిలీంధ్రాలను తినే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మా వేయడం. కుండీలో మొక్కకైతే రెండోదే మేలని నా గట్టి అభిప్రాయం. నేలలో పాతుకున్న పొదకు లెక్క మారుతుంది.

ఎంత ముదిరిందో వేర్లను చూస్తేనే తెలుస్తుంది. కుండీని పక్కకు వంచి మట్టిముద్దను మెల్లగా బయటకు తీయండి. మంచి వేర్లు తెల్లగానో లేత రంగులోనో గట్టిగా ఉంటాయి. కుళ్లినవి గోధుమ రంగుకో నలుపుకో తిరిగి, నొక్కితే నలిగిపోతాయి. పట్టి లాగితే పైపొర తొడుగులా ఊడివచ్చి లోపలి నార దారంలా మిగులుతుంది. కొసలు మాత్రమే రంగు మారితే అడుగు రంధ్రాలు తెరిచి, నీళ్లు తగ్గించి, గాలి తగిలే నీడలో ఉంచితే చాలు. ఖర్చు లేని మార్గమని దీన్ని చిన్నచూపు చూడకూడదు.

కుళ్లు లోపలికి పాకితే కత్తెర పట్టాల్సిందే. గట్టిగా, తెల్లగా ఉన్న భాగం కనిపించేదాకా కత్తిరించాలి, మధ్య మధ్యలో కత్తెరను స్పిరిటుతో తుడవాలి. పాత మట్టిని మళ్లీ వాడకూడదు. అదే కుండీ కావాలంటే ఒక వంతు ఇంటి బ్లీచుకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి కడగాలి. వేర్లు తగ్గాయి కాబట్టి కుండీ కూడా చిన్నదైతేనే మంచిది. పెద్దదానిలో పీల్చే వేరు లేని మట్టి రోజుల తరబడి తడిగా ఉండిపోతుంది. ఇక అసలు కష్టం కొమ్మల దగ్గర. వేర్లు ఎంత పోయాయో కొమ్మలూ ఆ మేరకు తగ్గించి, మొగ్గలు తుంచేయాలి. నిండుగా మొగ్గలు వేసిన మందారానికి ఆ పని చేయడానికి మనసొప్పదు. కానీ ఉంచిన ప్రతి మొగ్గా ఆ కొద్దిపాటి వేర్ల మీద భారమే. చామంతి, గులాబీ వంటివాటిని వెంటనే నాటాలి. అడీనియంను మాత్రం కోసిన చోటు ఎండి గట్టిపడేదాకా కొన్నాళ్లు ఆరబెట్టి పొడి మట్టిలో నాటాలి. కొత్త చిగురు కనిపించేదాకా ఎరువు వద్దు.

మందుల విషయంలో జరిగే పొరపాటు మరొకటి: ఏ శిలీంధ్రనాశిని అయినా ఒకటే అనుకోవడం. వేరుకుళ్లు తెచ్చే పిథియం, ఫైటోఫ్తోరా నిజానికి శిలీంధ్రాలే కావు. నీటిలో ఈదే బీజాలతో వ్యాపించే వేరే జాతి జీవులు. వాటి మీద కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని పనిచేయదు (కొన్ని దేశాల్లో దానికి అనుమతి కూడా లేదు). వాటికి మెటలాక్సిల్ అనే మందు కావాలి, అది మళ్లీ వేరుకుళ్లు తెచ్చే అసలు శిలీంధ్రాలైన రైజోక్టోనియా, ఫ్యుజేరియంలను ఏమీ చేయదు. ఏ జీవో తేలనప్పుడు లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదలు చుట్టూ పోయడం పాత పద్ధతి. నాకు ఎక్కువ నచ్చేది ఫోసెటైల్ అల్యూమినియం. అది ఆకుల ద్వారా లోపలికి వెళ్లి వేర్లదాకా దిగుతుంది. పీల్చే వేర్లే లేని మొక్కకు అంతకన్నా ఏం కావాలి? అయితే పిథియం, ఫైటోఫ్తోరాల మీదే దాని ప్రభావం. ఏ మందైనా తెగులును ఆపుతుందే తప్ప చచ్చిన వేరును బతికించదు. నీరు నిలిచే మట్టిలో మందు పోయడం డబ్బు దండగ.

పెకలించలేని పెద్ద పొదకు మాత్రం మందే దిక్కు. ముందు పాదు చుట్టూ కాలువ తీసి నీరు బయటకు పోనిచ్చి, మట్టి కొంత ఆరాక పోయాలి.

ట్రైకోడెర్మా రైజోక్టోనియాను చుట్టుకుని తినేస్తుందని 1932లోనే వెయిండ్లింగ్ అనే శాస్త్రవేత్త చూపించారు. అది ముందుజాగ్రత్తకు ఎంతో మంచిది, ముదిరిన కుళ్లుకు చాలదు. చివికిన పశువుల ఎరువులో, వేపపిండిలో కలిపి తేమగా నీడలో ఉంచి, నాటేటప్పుడే వేర్ల దగ్గర వేయాలి. కార్బెండజిమ్ పోసిన వెంటనే వేస్తే అదీ చస్తుంది. ఇక కొందరు వాడే ఇంటి చిట్కాల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ ప్రభావం కాసేపే, పైగా మేలు చేసే సూక్ష్మజీవులనూ చంపుతుంది. దాల్చినచెక్క పొడితో మట్టిలోని కుళ్లు ఆగదు.

మట్టి కుండీనా, ప్లాస్టిక్‌దా అంటే నీళ్లు ఎక్కువ పోసే అలవాటున్నవాళ్లకు మట్టిదే. గోడల గుండా తేమ ఆవిరవుతుంది. కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు బాగా దిగుతుందన్నది అపోహ. రాళ్ల పైన మట్టిలోనే నీరు నిలిచి, తడి పొర వేర్లకు ఇంకా దగ్గరవుతుంది. ముతక ఇసుకనో, పెర్లైటు అనే తేలికైన తెల్లటి గుళికలనో మట్టి అంతటా కలపడమే సరైన పని.

కాండం అడుగుభాగం చుట్టూ నల్లబడి మెత్తబడితే ఈ నాలుగు దారులూ మూసుకుపోయినట్టే. అప్పుడు పైకొమ్మల్లో, కోసి చూస్తే లోపల గోధుమ చార లేనివి ఎంచి, కొత్త మట్టిలో నాటుకోండి. తల్లి మొక్కను మట్టితో సహా తీసేయండి, కంపోస్టు గుంటలో మాత్రం వేయకండి.