టేబుల్ సా: మొదటి రోజు నచ్చలేదు, రెండేళ్ళ తర్వాత వదలలేను

ఈ పదంగుళాల బ్లేడు టేబుల్ సా, అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చే కరెంటు రంపం, కొని రెండేళ్ళయింది. మొదటి రోజు బిగించగానే ఒక టేకు పలకను నిలువునా చీల్చాను. కోసిన అంచు పొడవునా నల్లగా మాడింది. చెక్క ముందుకు కదలనే లేదు, బలంగా తొయ్యాల్సి వచ్చింది. డబ్బంతా దండగైందని చాలా బాధపడ్డాను.

తప్పు మోటారుది కాదని తెలియడానికి వారం పట్టింది. ప్లగ్గు పీకేసి, బ్లేడులో ఒక పంటికి గుర్తు పెట్టాను. మైటర్ గాడి (బ్లేడు పక్కన బల్ల మీద ఉండే నిలువు గాడి) నుంచి ఆ పంటి దూరాన్ని ముందువైపు ఒకసారి, చేత్తో తిప్పి వెనకవైపు ఒకసారి కొలిచాను. అర మిల్లీమీటరు తేడా! వెనక పళ్ళు చెక్కను ఒరుసుకుంటూ పోతున్నాయన్నమాట. బల్ల కింది బోల్టులు వదులు చేసి బ్లేడును సరిచేశాను, ఫెన్స్‌ను (చెక్కను ఆనించి తోసే పక్క పట్టీని) కూడా అదే గాడికి సమాంతరంగా పెట్టాను. సాతోపాటు వచ్చిన 40 పళ్ళ బ్లేడు తీసేసి, నిలువు కోతకు 24 పళ్ళది వేశాను. మాడు పోయింది. ఇప్పుడు అంచుకు రెండుసార్లు చిత్రిక పడితే చాలు, అతికించడానికి సిద్ధం. ప్లైవుడ్‌కు మాత్రం 60 పళ్ళది వాడుతున్నాను, పై పొర చిట్లదు.

ఫెన్స్ 24 అంగుళాల దాకా జరుగుతుంది, నాలుగడుగుల షీటును సగానికి కోయవచ్చు. కానీ బల్ల చిన్నది, వెనక ఆసరా లేకపోతే షీటు ఒరిగిపోతుంది. పైభాగం అల్యూమినియం కాబట్టి అయస్కాంతంతో అంటుకునే సామాన్లేవీ నిలవవు.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. చెక్కలో గాడి తియ్యడానికి ఒకసారి రైవింగ్ నైఫ్ (బ్లేడు వెనక చీలికను తెరిచి ఉంచే చిన్న రేకు) తీశాను, తిరిగి పెట్టడం మరిచిపోయాను. తర్వాత కోసిన పలకలో లోపలి బిగువు వల్ల చీలిక మూసుకుని బ్లేడును పట్టేసింది. వెనక నుంచి పైకి లేచే పళ్ళు పలకను ఎత్తి నా వైపు విసిరాయి. బ్లేడుకు ఎదురుగా కాకుండా పక్కకు నిలబడే అలవాటుంది కాబట్టి అది నడుము పక్కనుంచి వెళ్ళి గోడకు కొట్టుకుంది. చాలాసేపు చేతులు వణికాయి. ఆ చిన్న రేకు లేకుండా ఇక నిలువు కోత కోయను. సన్నటి బద్దలకు పుష్ స్టిక్ (చెయ్యి బ్లేడు దగ్గరికి పోకుండా చెక్కను తోసే కర్ర) తప్పనిసరి.

పొట్టు గొట్టానికి వ్యాక్యూమ్ తగిలించినా బల్ల మీద చాలానే పడుతుంది. లోపల పేరుకున్నది రెండు నెలలకోసారి బ్రష్‌తో దులపకపోతే బ్లేడు ఎత్తే చక్రం బిగుసుకుపోతోంది. అక్కడ నూనె వెయ్యకండి, పొట్టు ఇంకా అంటుకుంటుంది. పొడి మైనం రాస్తే తేలిగ్గా తిరుగుతోంది.